అక్రీషన్‌కి తెలుగులో మాట లేదా?

ఈ సెమిస్టర్ మా జాగ్రఫీ పేపర్లో "అక్రీషన్" అనే మాట చాలాసార్లు తగిలింది. సముద్రతీరంలో అక్రీషన్, గ్రహాలు పుట్టేటప్పుడు అక్రీషన్, భూఫలకాల అంచుల్లో అక్రీషన్. పార్ట్ వన్ తెలుగు క్లాసులో మేడమ్ "ఏదైనా ఒక సైన్సు మాట తీసుకుని మన గోడపత్రికకి తెలుగులో రాయండి" అనగానే నాకు ఇదే తట్టింది. నిఘంటువులు తిరగేస్తే వృద్ధి, పెరుగుదల, చేరిక, సంచయం లాంటి మాటలు కనిపిస్తాయి. అవి తప్పని అనను. కానీ జీతం పెరిగినా వృద్ధే, జనాభా పెరిగినా వృద్ధే, పసిపిల్ల పొడుగైనా పెరుగుదలే. అక్రీషన్ అంటే ఇవన్నీ కాదు. అది పెరుగుదలల్లో ఒక ప్రత్యేకమైన రకం. ఆ ప్రత్యేకత ఏమిటో ముందు చూస్తే, దానికి మన భాషలో మాట ఉందో లేదో తర్వాత తేల్చుకోవచ్చు.

మాట పుట్టింది లాటిన్‌లో. "క్రెస్కెరె" అంటే పెరగడం. దాని ముందు "వైపుకి, దగ్గరికి" అనే అర్థమిచ్చే "అద్" చేరింది. అంటే ఒకదానికి వచ్చి చేరుతూ పెరగడం అన్నమాట. దీని చుట్టాలు మనకి రోజూ ఎదురయ్యేవాళ్ళే. రోజురోజుకీ పెరిగే నెలవంకని క్రెసెంట్ అంటారు కదా, అది ఈ ఇంటిదే. బ్యాంకులో "అక్రూడ్ ఇంటరెస్ట్" అని రాసే వడ్డీ ఈ ఇంటిదే. ఆఖరికి మన బిల్డింగ్ కట్టిన కాంక్రీటు కూడా! కలిసి పెరిగి గట్టిపడింది అని దాని అర్థం. కాంక్రీటుకీ నెలవంకకీ బంధుత్వం ఉంటుందని నేనైతే ఎప్పుడూ అనుకోలేదు.

మెరీనా ఇసుకలో బండ్ల మీద శంఖాలు, ఆల్చిప్పలు అమ్ముతారు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక ఆల్చిప్పని చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద ఒకదాని వెనక ఒకటి వంపు గీతలు ఉంటాయి. లోపల ఉన్న జీవి చిప్ప అంచున కొత్త సున్నపు పదార్థాన్ని కొద్దికొద్దిగా చేరుస్తూ పోతుంది. పాత భాగం సాగదు, పెద్దదవదు. ఉన్నది ఉన్నట్టే ఉండి, అంచు మాత్రం ముందుకి జరుగుతుంది. శంఖం కొసన కనిపించే బుల్లి చుట్టు ఆ జీవి పసిదిగా ఉన్నప్పుడు కాపురమున్న ఇల్లే! మనం అలా పెరగం. నా అయిదేళ్ళప్పటి చెయ్యి ఇప్పటి చేతి లోపల ఎక్కడా విడిగా దాగి లేదు. మనది లోపలినుంచి పెరగడం. చిప్పది వచ్చి చేరడంవల్ల పెరగడం. రెండోదే అక్రీషన్.

అలాగని బయటినుంచి వచ్చి పడేదంతా అక్రీషన్ అయిపోదు. గోడౌన్లో బియ్యం బస్తాలు వేస్తే గుట్ట అవుతుంది. ఏ బస్తాకి ఆ బస్తా వేరు, కావాలంటే తీసి పక్కన పెట్టొచ్చు. దాన్ని పోగవడం అంటాం. అక్రీషన్లో వచ్చింది అంటుకుంటుంది, ఉన్నదాంట్లో భాగమైపోతుంది. చాలాసార్లు ఇంకొకటి కూడా జరుగుతుంది. పెరిగినకొద్దీ, ఇంకా పట్టుకునే శక్తి దానికి ఎక్కువవుతుంది. వడగళ్ళు అలాగే తయారవుతాయి. ఉరుము మబ్బులో సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టకుండా నీరుగానే ఉన్న బిందువులు ఉంటాయి. మబ్బులో తిరిగే మంచుపలుకుకి అవి తగిలితే తగిలిన చోటే గడ్డకట్టేస్తాయి. పలుకు పెద్దదయ్యేకొద్దీ దాని ఒళ్ళు విశాలమవుతుంది, మరిన్ని బిందువులు తగులుతాయి. పెద్ద వడగల్లుని అడ్డంగా కోసి చూస్తే ఉల్లిపాయలా పొరలు కనిపిస్తాయి, కొన్ని అద్దంలా, కొన్ని పాలలా.

గ్రహాల సంగతీ ఇంతే. సూర్యుడు పుట్టిన కొత్తలో చుట్టూ ధూళి, వాయువు తిరుగుతూ ఉండేవి. ధూళి రేణువులు ఒకదానికొకటి అంటుకున్నాయి. రేణువులు రాళ్ళయ్యాయి, రాళ్ళు కొండలంత అయ్యాయి. ఆ సైజు వచ్చాక తమ ఆకర్షణతోనే చుట్టుపక్కల ఉన్నవాటిని లాక్కోగలిగాయి. గులకరాళ్ళ సైజునుంచి కొండల సైజుకి సరిగ్గా ఎలా చేరాయన్నది శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్న విషయం. మొత్తానికి 450 కోట్ల ఏళ్ళకి కొంచెం ముందు ఈ భూమి ఇలా తయారైంది. మనం నిలబడ్డ నేల మొత్తం ఒకప్పుడు వచ్చి చేరిన ధూళే.

ఇక మన ఊరికి వద్దాం. నేను ఈ మాట ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

మెరీనా బీచ్ ఇప్పుడున్నట్టు ఎప్పుడూ లేదు. రోడ్డు దాటి అల దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళు పీకుతాయి కదా, ఆ ఇసుకలో చాలా భాగం నూటయాభై ఏళ్ళ కిందట అక్కడ లేదు. దీనికి గుర్తు కావాలంటే ఐస్ హౌస్‌ని చూడండి, ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటున్నాం. 1842లో దాన్ని కట్టింది అమెరికానుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు దాచిపెట్టడానికి. మద్రాసు ఎండలో కరిగిపోయే సరుకుని దింపుకుని ఎవరైనా ఎంత దూరం మోస్తారు? ఒడ్డుకి దగ్గరగా కట్టారు. ఇప్పుడు దాని గుమ్మంనుంచి అల దగ్గరికి వందల మీటర్లు నడవాలి. ఐస్ హౌస్ వెనక్కి జరగలేదు. సముద్రమే దూరంగా జరిగింది.

ఎందుకు జరిగిందో తెలియాలంటే తీరం వెంబడి ఇసుక నడుస్తుందని తెలియాలి. నడవడమంటే నిజంగా నడవడమే. అల ఒడ్డుకి నేరుగా రాదు, కాస్త ఏటవాలుగా వస్తుంది. వస్తూ ఇసుకని ఏటవాలుగా పైకి తోస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు నీరు పల్లానికి నేరుగా దిగుతుంది. కాబట్టి ఒక్కో అలకీ ఇసుకరేణువు కొంచెం పక్కకి జరుగుతుంది. అంకెల్లో చూపించలేనంత కొంచెం. కానీ అలలకి సెలవుల్లేవు. మన కోరమండల్ తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఆగ్నేయంనుంచి వస్తాయి, కాబట్టి ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మాత్రం వెనక్కి, దక్షిణానికి నడుస్తుంది. రెండూ లెక్కవేస్తే ఉత్తరానిదే పైచేయి. ఏడాదికి లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఇలా మన ముందునుంచి ఉత్తరంగా సాగిపోతుంది. సాగిపోయేది, అనాలేమో.

ఎందుకంటే మధ్యలో హార్బర్ వచ్చింది. మద్రాసుకి సహజమైన రేవు లేదు. ఓడలు సముద్రంలోనే లంగరు వేసి ఉండేవి, సరుకునీ మనుషుల్నీ మసులా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకి చేర్చేవారు. ఆ అవస్థ తప్పించాలని 1870ల్లో సముద్రంలోకి రెండు చేతులు చాచినట్టుగా రాతికట్టలు కట్టడం మొదలుపెట్టారు. 1881 నవంబరులో పనులు ముగింపుకొచ్చేసరికి తుఫాను వచ్చి చాలా భాగం పాడుచేసింది. మళ్ళీ కట్టారు. దక్షిణంనుంచి నడిచి వస్తున్న ఇసుకకి ఆ దక్షిణపు చెయ్యి అడ్డం పడింది. అడ్డం పడ్డచోట ఇసుక ఆగింది. ఆగిన ఇసుక ఒడ్డుకి చేరింది, దాని వెనక వచ్చింది దానికి చేరింది. ఏళ్ళు గడిచేసరికి సముద్రం కనిపించనంత దూరం ఇసుక పరుచుకుంది. 1881నుంచి 1886వరకు గవర్నరుగా ఉన్న గ్రాంట్ డఫ్ ఇక్కడ నడకదారి వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. మన బీచ్ పుట్టుపూర్వోత్తరాలు ఇవి. పాఠ్యపుస్తకాల్లో తీరప్రాంత అక్రీషన్ అని చదివేదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ బస్సు టికెట్ దూరంలో ఇంకెక్కడా దొరకదు.

ఇక్కడితో ఆపేస్తే కథ సగమే చెప్పినట్టు. మెరీనా అందం గురించి రాసేవాళ్ళు సాధారణంగా ఇక్కడే ఆపేస్తారు, అది నాకు నచ్చదు. ఆ ఇసుక ఎక్కడికో వెళ్ళాల్సిన ఇసుక. ఉత్తరాన రాయపురం, కాసిమేడు, తిరువొత్తియూరు, ఎన్నూరు తీరాలు ఆ ఇసుక కోసం చూస్తూ ఉండేవి. అక్కడి అలలు ఎప్పటిలాగే తమ ఇసుకని ఇంకా ఉత్తరానికి పంపిస్తూనే ఉన్నాయి, కానీ దాని స్థానంలో దక్షిణంనుంచి రావలసింది రావడం ఆగిపోయింది. జీతం ఆగిపోయినా ఖర్చులు ఆగని ఇంటి పరిస్థితి. అంచేత అక్కడ ఒడ్డు కోసుకుపోయింది. మెరీనాకి చేరిందంతా అక్కడ తరిగింది. ఒక్క గట్టుకి అటూ ఇటూ, ఒకే ఊళ్ళో.

మన క్లాసులో సగంమంది రాయపురం, వాషర్‌మెన్‌పేట, తండయార్‌పేట వైపునుంచే వస్తారు. ఉత్తర మద్రాసులో తెలుగువాళ్ళు తరతరాలుగా ఉన్నారు కాబట్టి అందులో వింతేమీ లేదు. మా పెద్దమ్మ వాళ్ళ అత్తగారిది తిరువొత్తియూరు తీరం. ఆవిడ చిన్నప్పుడు ఇంటికీ అలకీ మధ్య పిల్లలు ఆడుకునేంత ఇసుక ఉండేదట, పెళ్ళిళ్ళకి అక్కడే పందిళ్ళు వేసేవారట. ఇప్పుడు ఆ చోట నల్లరాళ్ళ గోడ ఉంది. గోడకి అవతల వెంటనే నీళ్ళే. ఎన్నూరు రోడ్డు మీద బస్సులో వచ్చేవాళ్ళకి ఆ రాళ్ళ గుట్టలు తెలుసు. సముద్రంలోకి గట్లు కూడా కట్టారు, వాటిని గ్రోయిన్లు అంటారు. అవీ చేసేది అదే పని. తమకి దక్షిణాన ఇసుకని ఆపి కొంచెం ఒడ్డు పెంచుతాయి, తమకి ఉత్తరాన ఉన్నవాళ్ళకి ఇసుక తగ్గిస్తాయి. సమస్య పోలేదు, ఇల్లు మారింది.

అందుకే తీరం గురించి రాసే రిపోర్టుల్లో ఎప్పుడూ రెండు మాటలు జంటగా ఉంటాయి, అక్రీషన్, ఎరోజన్ అని. మ్యాపులో ఒకదానికి ఒక రంగు, ఇంకోదానికి ఇంకో రంగు. పుదుచ్చేరిలో 1980ల చివర రేవుకి గట్లు కట్టాక జరిగింది కూడా ఇదే, దక్షిణాన ఇసుక చేరింది, ఉత్తరాన ఊరి బీచ్ కరిగిపోయింది. విశాఖపట్నంలో హార్బర్లో తవ్వి తీసిన ఇసుకని పంపులతో బీచ్ వైపుకి పోస్తుంటారు. అలలు చెయ్యాల్సిన మోత మనుషులు మోస్తున్నారు.

ఇంకొక చిన్న సంగతి. చేరడం ఎప్పుడూ లాభమే అని కూడా అనుకోకూడదు. కూవం నది సముద్రంలో కలిసేచోట ఇసుక అడ్డంగా చేరి నోరు మూసుకుపోతుంది. అప్పుడు నదికి దారి లేదు, లోపలికి ఆటుపోటు నీళ్ళు రావు. కూవం వాసనకి కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఈ అక్రీషన్ ఒకటి. దాన్ని మాటిమాటికీ తవ్వాలి.

మెరీనాకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల ప్రెసిడెన్సీ కాలేజీ ఉంది. అక్కడ బీఎస్సీ చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో ఇంగ్లండుకి ఓడలో బయలుదేరాడు. వయసు పందొమ్మిది. నా వయసే. దయచేసి పోల్చకండి! ఓడలో కూర్చుని ఆయన లెక్కవేసింది ఇది. చల్లారిపోతున్న నక్షత్రం, దాన్ని శ్వేత కుబ్జం అంటారు, ఎంత బరువువరకు తనని తాను మోసుకోగలదు? జవాబు సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. దీన్నే చంద్రశేఖర్ పరిమితి అంటాం. 1983లో ఆయనకి నోబెల్ వచ్చింది. దీనికీ మన మాటకీ సంబంధం ఏమిటంటే, కొన్ని శ్వేత కుబ్జాలకి పక్కనే జతగా ఇంకో నక్షత్రం ఉంటుంది. దాని ఒంటి మీది వాయువుని ఇది కొద్దికొద్దిగా లాక్కుంటుంది. వాయువు నేరుగా వచ్చి పడదు, సింకులో నీళ్ళు సుడి తిరుగుతూ దిగినట్టు చుట్టూ తిరుగుతూ పళ్ళెంలా పరుచుకుని, వేడెక్కి మెరుస్తూ లోపలికి జారుతుంది. ఆ పళ్ళేన్ని అక్రీషన్ డిస్క్ అంటారు. కృష్ణబిలాల చుట్టూ కూడా ఇలాంటి పళ్ళేలు ఉంటాయి. 2019 ఏప్రిల్లో మొదటిసారి విడుదల చేసిన కృష్ణబిలం ఫోటోలో నారింజ రంగు ఉంగరం గుర్తుందా? ఆ వెలుగు అలా చుట్టూ తిరిగే వేడి పదార్థానిదే. బిలానికి సొంతంగా వెలుగు లేదు.

శ్వేత కుబ్జం అలా చేర్చుకుంటూ చేర్చుకుంటూ ఆ 1.4 దగ్గరికి వచ్చిందంటే దాని లోపలి కర్బనం ఒక్కసారిగా అంటుకుని మొత్తం నక్షత్రం పేలిపోతుంది. ఒక రకం సూపర్‌నోవాలు ఇలా పుడతాయని చెప్తారు. చేరడం నెమ్మదిగా, పేలడం క్షణాల్లో. మా నాన్న వైపు పాట్టి ఏదైనా పని ఆఖరి నిమిషంలో చెడితే ఒక తమిళ సామెత వాడుతుంది, "వెణ్ణెయ్ తిరండు వరుమ్ పోదు తాళి ఉడైంద మాదిరి" అని. వెన్న ముద్దకట్టి వచ్చే సమయానికి కుండ పగిలినట్టు అని అర్థం. నేను శ్వేత కుబ్జాల గురించి చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఈ కుండే. పాట్టికి చెప్తే నవ్వింది, "నక్షత్రానికి కూడా తాళి ఉడుస్తుందా" అని.

ఆ సామెతలో "తిరళ్" అనే తమిళ మాట ఉంది. చిలికేటప్పుడు వెన్న మొదట రవ్వలు రవ్వలుగా కనిపిస్తుంది. రవ్వలు ఒకదానికొకటి అంటుకుని చిన్న ఉండలవుతాయి, ఉండలు కలిసి ముద్ద అవుతుంది. గ్రహాలు పుట్టిన పద్ధతికి ఇంత దగ్గరి పోలిక వంటింట్లో ఇంకొకటి లేదు. మాది రెండు భాషల ఇల్లు కాబట్టి పాట్టి "తిరళ్" అన్నదాన్ని అమ్మ ఏమంటుందో గమనించాను. అమ్మ "ముద్దకట్టింది" అంటుంది. అంతే! నిఘంటువులో వెతికిన మాట మజ్జిగ కుండ దగ్గర ఉంది. ధూళి ముద్దకట్టి గ్రహమైంది అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది, సంచయనం చెందింది అని రాస్తే పరీక్షలో మార్కులకి తప్ప దేనికీ పనికిరాదు.

ఆ తర్వాత ఇంకొన్ని మాటలు ఏరాను. చల్లటి రోజున నెయ్యి పేరుకుంటుంది. పైపులో జిడ్డు పేరుకుంటుంది. ఒళ్ళో కొవ్వు పేరుకుంటుంది. గట్టిపడటం, చేరడం రెండూ ఈ ఒక్క మాటలో ఉన్నాయి. పోగవడానికీ పేరుకోవడానికీ తేడా ఉందని చెప్పాల్సిన పని లేదు, "కొవ్వు పోగైంది" అని ఎవరూ అనరు కదా. పళ్ళకి పట్టేది గార. అదీ అక్రీషనే, పొర మీద పొర. చెరువులో చేరేది పూడిక. కూడబెట్టడం మాత్రం దీనికి సరిపోదు, ఎందుకంటే అందులో ఒక మనిషి ఉద్దేశం ఉంది. డబ్బు కూడబెడతాం, ఇసుకకి ఆ ఆలోచన లేదు.

అన్నిటికంటే నాకు నచ్చిన మాట అమ్మమ్మ ఇచ్చింది. అమ్మమ్మ పుట్టిల్లు నెల్లూరు పక్క, పెన్న ఒడ్డు. మెరీనా ఇసుక సంగతంతా చెప్పి దీన్నేమంటారు అమ్మమ్మా అని అడిగితే ఒక్క క్షణం ఆలోచించకుండా "మేట వేసింది అంటారమ్మా, ఇంకేమంటారు" అంది. పెన్న పొంగి తగ్గాక పొలంలో ఇసుక మేట వేసేదట. వరదలు వచ్చినప్పుడల్లా తెలుగు పేపర్లలో "పొలాల్లో ఇసుక మేటలు" అని వార్త వస్తుంది, మనం చదివి వదిలేస్తాం. మేట అనే మాటలో రెండు విషయాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి, ఎవరో మోసుకొచ్చారని, నీరో గాలో. "ఇసుక పెరిగింది" అంటే ఎక్కడినుంచి అనే ప్రశ్న రాదు. "మేట వేసింది" అంటే వస్తుంది, పైన ఎక్కడో కోత పడి ఉంటుందని రైతుకి తెలుసు. రెండు, మేట మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. ఒండ్రు మేట వేస్తే పొలం బంగారం. ఇసుక మేట వేస్తే ఆ ఏడు పంట లేదు. తీరానికి వాడే అక్రీషన్‌కి నేను ఈ మాటే ఖాయం చేస్తాను.

గోదావరి లంకలు చూసినవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నది మధ్యలో ముందు చిన్న ఇసుకతిప్ప తేలుతుంది. దాని మీద గడ్డి మొలుస్తుంది. గడ్డి తర్వాతి వరదలో నీటి వేగాన్ని తగ్గిస్తుంది, వేగం తగ్గితే నీరు మోస్తున్న ఒండ్రుని వదిలేస్తుంది. తిప్ప ఎత్తు పెరుగుతుంది, చెట్లు వస్తాయి, మనుషులు వస్తారు, ఊరవుతుంది. వడగల్లులో చూసిందే ఇక్కడా, పెరిగిందే ఇంకా పెరిగేలా చేస్తుంది.

మనుషులు వచ్చారంటే కోర్టులు కూడా వస్తాయి. నా పొలం ఒడ్డున నది నేల చేరిస్తే ఆ నేల ఎవరిది? రోమన్ల కాలంనుంచి లా చెప్పేది ఒకటే. కంటికి తెలియనంత నెమ్మదిగా చేరితే ఒడ్డు ఎవరిదో నేల వారిది. నది ఒక్కసారిగా దారి మార్చి ఒక ముక్కని తెంచి అవతల పడేస్తే, ఆ ముక్క పాత యజమానిదే. బ్రిటిష్‌వాళ్ళు బెంగాల్లో 1825లో చేసిన రెగ్యులేషన్లో కూడా ఈ తేడానే ఉంది. "నెమ్మదిగా" అనే ఒక్క మాట మీద ఆస్తి హక్కు ఆధారపడి ఉంది. ఎంత నెమ్మది అయితే నెమ్మది అని లాయర్లు వాదించుకుంటారు. హిస్టరీ క్లాసులో భూమి శిస్తు పాఠం ఇంత ఆసక్తిగా ఉంటే బావుండేది.

మన డిపార్ట్‌మెంటుకి సంబంధించిన వాడుక ఒకటి మిగిలింది. పాత గ్రంథాల్లో తర్వాతివాళ్ళు చేర్చిన భాగాలని కూడా ఇంగ్లీషు పండితులు అక్రీషన్ అంటారు. మనం ప్రక్షిప్తం అంటాం. రెండూ ఒకటే అనుకున్నాను గానీ కాదనిపిస్తోంది. ప్రక్షిప్తం అంటే ఎవరో తెచ్చి మధ్యలో పడేశారని, అందులో కొంచెం నేరం వాసన ఉంది. అక్రీషన్ అంటే ఎవరూ ప్రత్యేకంగా చెయ్యకుండానే చేరిందని. వేమన పద్యాలు చూడండి. సీపీ బ్రౌన్ ఇక్కడ మద్రాసులోనే 1829లో వాటిని పుస్తకంగా వేశాడు. అప్పటికే రాతప్రతుల్లో ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా ఉండేవి. వేమనవిగా చెలామణి అయ్యే పద్యాలు వేలల్లో ఉన్నాయి, అన్నీ ఆయనవే కాదని పండితులు చెప్తారు. ఎవరో ఒక ఆటవెలది కట్టుకున్నారు, చివర ఆ మకుటం పెట్టారు, అది వేమన పద్యమైపోయింది. మకుటం అతుక్కునే చోటు. పేరు పెద్దదైనకొద్దీ ఇంకా పద్యాలు వచ్చి చేరాయి. తెనాలి రామకృష్ణుడి పేర కథలు, శ్రీనాథుడి పేర చాటువులు కూడా ఇలాగే వచ్చాయి. వీటిలో అసలు ఏది, చేరింది ఏది అని విడదీయడం బీచ్‌లో 1881కి ముందటి రేణువుని వెతకడం లాంటిదే. వెతకొద్దని కాదు. మేడమ్‌లు వెతుకుతూనే ఉన్నారు, మనకి అసైన్‌మెంట్లు కూడా ఇస్తున్నారు.

మొత్తానికి నా లెక్క ఇది. తీరానికీ నదికీ మేట వేయడం, గ్రహాలకి ముద్దకట్టడం, పైపులకీ నరాలకీ పేరుకోవడం. అక్రీషన్ డిస్క్‌కి మాత్రం ఏదీ కుదరలేదు. "మేట పళ్ళెం" అని ఒకసారి రాసి చూసి నేనే నవ్వుకున్నాను, ఏదో టిఫిన్ పేరులా ఉంది. దాన్ని ప్రస్తుతానికి అలాగే వదిలేశాను. ఈ కాగితం కింద ఒక ఖాళీ షీటు అంటించాను. హోసూరు, బళ్ళారి, బరంపురం వైపునుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాళ్ళు, మీ ఇళ్ళల్లో ఇసుకకీ ఒండ్రుకీ వెన్నకీ ఏ మాటలు వాడతారో అందులో రాయండి. కన్నడమో ఒడియానో కలిసిన మాటైనా పర్వాలేదు. పెన్ను మాత్రం తాడుకి కట్టి ఉంది, తీసుకెళ్ళిపోకండి.